ఇంట్లో సర్వర్‌కి ఓఎస్ మళ్లీ ఎక్కించాక ఫైళ్లు కనిపించట్లేదా? ముందు ఇది చదవండి

"ఉబుంటు కొత్తగా వేశాను, డేటా డిస్క్ ఖాళీగా కనిపిస్తోంది." "అప్‌గ్రేడ్ మధ్యలో చెడిపోతే డెబియన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, పెళ్లి వీడియోలు ఎక్కడా లేవు." "ఇన్‌స్టాలర్‌లో తప్పు డిస్క్ ఎంచుకున్నానేమో." ఈ మూడు ప్రశ్నలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి, ప్రతిసారీ ముక్కలుగా జవాబివ్వడం కంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

మీరిది చదివే సమయానికి ఆ సర్వర్ ఇంకా ఆన్‌లో ఉంటే ముందు వెళ్లి షట్‌డౌన్ చేసి రండి. మిగతాది తర్వాత నిదానంగా చదువుకోవచ్చు.

ఒక మాట ధైర్యంగా చెప్పొచ్చు. ఇలాంటి కేసుల్లో చాలావాటిలో ఫైళ్లు డిస్క్ మీదే ఉంటాయి, వాటిని ఎక్కడ మౌంట్ చేయాలో (అంటే ఏ ఫోల్డర్‌కి తగిలించి చూపించాలో) కొత్త ఓఎస్‌కి తెలియదు, అంతే. అసలు నష్టం ఎక్కువగా ఆ తర్వాతి గంటలో, కంగారులో చేసే పనుల వల్ల జరుగుతుంది. ఇంకోసారి ఇన్‌స్టాల్ చేసి చూడటం, ఏదో వీడియోలో చూసిన రిపేర్ కమాండ్ కొట్టేయడం, రికవరీ సాఫ్ట్‌వేర్‌ని పోయిన డిస్క్ మీదే ఇన్‌స్టాల్ చేయడం లాంటివి. అందుకే కింద చెప్పిన వరుస మార్చొద్దు.

నేను మనసులో పెట్టుకుని రాస్తున్నది మామూలు ఇంటి సర్వర్: పాత డెస్క్‌టాపో మినీ పీసీయో, ఓఎస్‌కి ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, ఫొటోలకీ సినిమాలకీ ఒకటో రెండో పెద్ద హార్డ్ డిస్కులు, పైన సాంబా (ఫోల్డర్లను ఇంట్లో పంచుకోవడానికి), డాకర్ (యాప్‌లను విడివిడి కంటైనర్లలో నడపడానికి), బహుశా ఫైళ్లకీ ఫొటోలకీ నెక్స్ట్‌క్లౌడో ఇమిచ్చో. ఓపెన్‌మీడియావాల్ట్ వాడేవాళ్లకి కూడా దాదాపు అంతా వర్తిస్తుంది, దాని అడుగున ఉన్నది డెబియనే. కమాండ్ల పేర్లు పలికినట్టు రాశాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

ఏమేం కావాలి

- ఇంకో కంప్యూటర్, 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్ డ్రైవ్. దాని మీద సిస్టమ్‌రెస్క్యూ అనే లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్ డ్రైవ్ నుంచే నడిచేది) రాసుకోండి, టెస్ట్‌డిస్క్, డీడీరెస్క్యూ అందులో ముందే ఉంటాయి. ఉబుంటు లైవ్ అయినా పర్లేదు, కాకపోతే అక్కడ డీడీరెస్క్యూ ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ అని గుర్తుంచుకోండి.
- పోయిన డిస్క్ కంటే పెద్ద ఖాళీ డిస్క్ ఒకటి. దొరికిన ఫైళ్లు పెట్టుకోవడానికి ఇంకొంత చోటు. కొనడానికి మనసొప్పకపోతే ఎవరినైనా వారం రోజులకి అడగండి. ఈ డిస్క్ లేకుండా 4వ మెట్టు దాటి వెళ్లొద్దు.
- సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే డాక్. 3.5 అంగుళాల డిస్క్‌కి 12 వోల్టుల కరెంట్ కావాలి, కాబట్టి విడిగా అడాప్టర్ ఉన్న డాక్ చూడండి. డిస్క్‌ని మదర్‌బోర్డ్‌కి నేరుగా తగిలించగలిగితే ఇంకా మంచిది.
- యూపీఎస్ లేదా ఇన్వర్టర్. కొన్ని పనులు రాత్రంతా నడుస్తాయి.
- కాగితం, పెన్ను. డిస్కుల సీరియల్ నంబర్లు రాసుకోవాలి, ఫోన్‌లో ఫొటో తీసుకున్నా సరే.

1. ఆపండి, రాసే పనులన్నీ ఆపండి

డిస్క్ ఫార్మాట్ అయిపోయిందని అనుమానం ఉంటే ఈ మెట్టుకి ఉన్న విలువ దేనికీ లేదు. ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి) ఫార్మాట్ కొన్ని సెకన్లలో ఎలా అయిపోతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఫైళ్ల వివరాలుండే పట్టికలను అప్పటికప్పుడు పూర్తిగా తుడవదు కాబట్టి. ఆ తుడిచే పని డిస్క్ మౌంట్ అయ్యాక వెనకాల నిదానంగా నడుస్తుంది. 4 టీబీ డిస్క్‌లో మామూలు సెట్టింగులతో ఆ పట్టికలే సుమారు 60 జీబీ ఉంటాయి. ఎంత త్వరగా ఆపితే అంత ఎక్కువ పాత సమాచారం మిగులుతుంది, పేర్లతో సహా ఫైళ్లు దొరికే అవకాశం అంత పెరుగుతుంది. షట్‌డౌన్ అవడానికే చాలాసేపు పడుతుంటే పవర్ బటన్ నొక్కి పట్టుకోండి.

ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసేటప్పుడే పాత బ్లాకులన్నీ వదిలేయొచ్చని డ్రైవ్‌కి చెప్పేస్తుంది, ఉబుంటులో అయితే వారానికోసారి ట్రిమ్ (ఖాళీ బ్లాకులేవో ఎస్‌ఎస్‌డీకి చెప్పే పని) కూడా దానంతటదే నడుస్తుంది. మీ ఫైళ్లు ఎస్‌ఎస్‌డీలో ఉండి, ఆ ఎస్‌ఎస్‌డీనే ఇన్‌స్టాలర్ ఫార్మాట్ చేసి ఉంటే, వెనక్కి వచ్చే అవకాశం దాదాపు లేదు. దీన్ని దాచి ఆశ పెట్టడం నాకిష్టం లేదు. అప్పుడు సమయం ఫోన్లలో, పాత ల్యాప్‌టాప్‌లో, వాట్సాప్‌లో, బంధువుల దగ్గర కాపీలు వెతకడానికి పెట్టండి.

ఇంకో ప్రమాదం చాలామందికి తట్టదు. రాత్రిపూట ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌తో ఇంకో డిస్క్‌కి బ్యాకప్ తీసే క్రాన్ జాబ్ (వేళకి దానంతటదే నడిచే పని) ఉంటే, అందులో డిలీట్ ఆప్షన్ ఉంటే, ఖాళీ ఫోల్డర్‌ని చూసి బ్యాకప్‌ని కూడా ఖాళీ చేసేస్తుంది. సింక్ యాప్‌లు కూడా కొన్ని అలాగే, సర్వర్‌లో ఫైళ్లు లేవు కాబట్టి ల్యాప్‌టాప్‌లో కూడా తీసేయాలనుకుంటాయి. ఆ బ్యాకప్ డిస్క్ కేబుల్ ఇప్పుడే పీకేయండి, ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో సింక్ ఆపేయండి.

2. డిస్కులను పేరుతో కాదు, సీరియల్ నంబర్‌తో గుర్తుపట్టండి

లైవ్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేయండి. ఉబుంటు లైవ్ అయితే "ట్రై" ఎంచుకోండి, "ఇన్‌స్టాల్" జోలికి వెళ్లొద్దు. తర్వాత ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కి "ఓ" అనే అక్షరాన్ని ఆప్షన్‌గా ఇచ్చి నేమ్, సైజ్, మోడల్, సీరియల్, ఎఫ్‌ఎస్‌టైప్, లేబుల్ అనే కాలమ్‌లు అడగండి. వచ్చినదంతా కాగితం మీద రాసుకోండి.

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లను నమ్మొద్దు. నిన్న ఎస్‌డీబీ అయినది ఇవాళ పెన్ డ్రైవ్ పెట్టగానే ఎస్‌డీసీ కావచ్చు. తప్పు డిస్క్‌ని తుడిచేసిన కథలన్నిటి వెనకా దాదాపు ఇదే ఉంటుంది.

3. మీది ఏ పరిస్థితో తేల్చుకోండి

ఇక్కడ తొందరపడొద్దు. సగం మందికి పని ఈ మెట్టులోనే పూర్తవుతుంది.

క) పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) ఉంది, ఫైల్ సిస్టమ్ పేరు కనిపిస్తోంది, లేబుల్ కూడా పాతదే. అయితే డిస్క్ మౌంట్ కాలేదు, అంతే. పాత ఓఎస్‌లో ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఆ లైను ఉండేది, కొత్త ఇన్‌స్టాల్‌లో ఉండదు. మీరు ఎంఎన్‌టీ కింద డేటా అనే ఫోల్డర్ తెరిచి ఖాళీగా ఉందని గాభరాపడుతున్నారు, అది నిజంగానే ఎస్‌ఎస్‌డీ మీద ఉన్న ఖాళీ ఫోల్డర్.

చూడటానికి రీడ్-ఓన్లీగా మౌంట్ చేయండి. ఈఎక్స్‌టీ4 అయితే ఆర్‌ఓ ఒక్కటే చాలదు, పక్కన నోలోడ్ అని కూడా ఇవ్వండి, లేకపోతే మౌంట్ చేసేటప్పుడు జర్నల్‌ని (మిగిలిపోయిన మార్పుల చిట్టాని) డిస్క్ మీద రాసేస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే నోరికవరీ. ఫైళ్లు కనిపిస్తే ఊపిరి పీల్చుకోండి, నేరుగా 9వ మెట్టుకి వెళ్లండి.

ఇందులో ఒక మెలిక ఉంది. డిస్క్ మౌంట్ కాకుండానే డాకర్ కంటైనర్లు ఆన్ అయి ఉంటే అవి ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే కొత్త డేటాబేస్, కొత్త లైబ్రరీ తయారుచేసుకుని ఉంటాయి. ఆ ఒకటి రెండు రోజుల్లో ఫోన్ నుంచి అప్‌లోడ్ అయిన ఫొటోలు కూడా అక్కడే ఉంటాయి. అసలు డిస్క్ మౌంట్ చేయగానే అవి దాని కింద కప్పబడిపోయి "మళ్లీ పోయాయి" అనిపిస్తుంది. మౌంట్ చేసేముందే ఆ ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టండి.

చ) ఫైళ్లు కనిపిస్తున్నాయి, తెరుచుకోవట్లేదు. ఇది పర్మిషన్ గొడవ. లినక్స్ ఫైలు మీద యజమాని పేరు రాసుకోదు, నంబర్ రాసుకుంటుంది. ఉబుంటు, డెబియన్లలో మొదటి యూజర్ నంబర్ 1000. పాత సర్వర్‌లో మీరు 1000, మీ ఆవిడ 1001 అయి ఉండి, కొత్తదాంట్లో యూజర్లను తారుమారుగా తయారుచేస్తే ఆవిడ ఫైళ్లు మీవిగా, మీవి ఆవిడవిగా కనిపిస్తాయి. ఎల్‌ఎస్ కమాండ్‌కి ఎల్, ఎన్ ఆప్షన్లు ఇచ్చి నంబర్లు చూడండి. యూజర్లను అవే నంబర్లతో తయారుచేసుకుంటే చాలు, ఫైళ్లను ముట్టుకోనక్కర్లేదు.

అన్నిటికీ 777 (అందరికీ అన్ని అనుమతులు) ఇచ్చేయడం, లేదా మొత్తం డిస్క్ మీద సీహెచ్‌ఓన్ (యజమానిని మార్చే కమాండ్) నడిపేయడం చేయొద్దు. డాకర్ డేటాబేస్ ఫోల్డర్లకి వేరే నంబర్లుంటాయి, పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్‌లో మామూలుగా 999. వాటి యాజమాన్యం మారితే బాగున్న డేటాబేస్ కూడా లేవదు, అప్పుడు లేని రోగాన్ని వెతుక్కోవాల్సి వస్తుంది.

ట) ఫైల్ సిస్టమ్ కాలమ్‌లో లినక్స్ రెయిడ్ మెంబర్, ఎల్‌వీఎం2 మెంబర్, జెడ్‌ఎఫ్‌ఎస్ మెంబర్, క్రిప్టో లక్స్ అని ఉంది. అయితే డిస్క్ మీద డేటా ఉంది, దానిపై ఉన్న పొర (డిస్కులను కలిపే రెయిడ్, ఎల్‌వీఎం, జెడ్‌ఎఫ్‌ఎస్, లేదా డేటాకి తాళం వేసే లక్స్) తెరవాలి.

రెయిడ్ అయితే ఎండీఏడీఎం కమాండ్‌ని ఎగ్జామిన్ ఆప్షన్‌తో ప్రతి డిస్క్ మీదా నడిపి వివరాలు దాచుకోండి. తర్వాత అసెంబుల్, స్కాన్, రీడ్‌ఓన్లీ. పాత పేరుకి బదులు ఎండీ127 అని వచ్చినా కంగారొద్దు, కొత్త ఓఎస్‌లో దాని కాన్ఫిగ్ లేక అలా వస్తుంది. క్రియేట్ అనే ఆప్షన్ మాత్రం పొరపాటున కూడా వాడొద్దు. "ఎర్రే మళ్లీ క్రియేట్ చేస్తే వచ్చేస్తుంది" అనే సలహా చాలాచోట్ల తిరుగుతోంది, డిస్కుల వరుసో చంక్ సైజో కొంచెం తేడా పడినా ఉన్నది కలగాపులగం అవుతుంది.

ఎల్‌వీఎం అయితే వీజీఛేంజ్‌కి ఏవై ఇస్తే చాలు. చిక్కు ఎక్కడంటే ఉబుంటు సర్వర్ మామూలుగా తన వాల్యూమ్ గ్రూప్‌కి ఉబుంటు-వీజీ అనే పేరే పెడుతుంది. పాత డిస్క్, కొత్త డిస్క్ రెండూ తగిలించి ఉంటే ఒకే పేరుతో రెండు గ్రూపులుండొచ్చు, అప్పుడు ఒకటి తెరుచుకోదు. కొత్త డిస్క్ పీకేసి లైవ్ పెన్ డ్రైవ్‌లో పాతది ఒక్కటే చూడండి. తర్వాత సర్వర్‌లో పెట్టాలనుకుంటే వీజీరీనేమ్‌తో, యూయూఐడీ (దాని ప్రత్యేక గుర్తింపు నంబర్) ఇచ్చి, పేరు మార్చుకోవచ్చు.

జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే జెడ్‌పూల్ ఇంపోర్ట్ అని ఊరికే కొట్టండి, దొరికే పూల్‌లను చూపిస్తుంది. వేరే సిస్టమ్ వాడుతోందని మొరాయిస్తే ఎఫ్ ఆప్షన్, దాంతోపాటు రీడ్‌ఓన్లీ ఆన్. ట్రూనాస్‌లో ఇదే పని స్టోరేజ్ పేజీలో ఇంపోర్ట్ పూల్ బటన్ చేస్తుంది. పూల్ అప్‌గ్రేడ్ చేయమని అడిగితే ఇప్పుడు వద్దనండి.

లక్స్ అయితే పాస్‌ఫ్రేజ్ గుర్తుండాలి. బూట్ అవగానే దానంతటదే తెరుచుకునేలా కీ ఫైలు పెట్టుకున్నవాళ్లు జాగ్రత్త, ఆ కీ ఫైలు పాత ఓఎస్‌లోనే ఉంటుంది, అది పోయింది. టైప్ చేసే పాస్‌ఫ్రేజ్ కూడా పెట్టుకుని ఉంటే బతికిపోయారు. లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ, ఏ ల్యాబూ తెరవలేదు.

త) పాత పార్టిషనే లేదు, లేదా కొత్త పార్టిషన్లు కనిపిస్తున్నాయి. అంటే ఇన్‌స్టాలర్ ఆ డిస్క్ మీదే రాసింది. ఇక్కడి నుంచి అసలు రికవరీ.

ఇందులో కూడా కొంత ఊరట ఉంది. ఉబుంటు సర్వర్‌లో "యూజ్ యాన్ ఎంటైర్ డిస్క్" ఎంచుకుని, ఎల్‌వీఎం టిక్ అలాగే వదిలేస్తే, డిస్క్ ఎంత పెద్దదైనా రూట్‌కి (ఓఎస్ ఉండే భాగానికి) 100 జీబీ మాత్రమే కేటాయిస్తుంది. దానికి ముందు బూట్‌కి కొంచెం. మీ 4 టీబీ డిస్క్‌లో మిగతా భాగం మీద ఆ ఇన్‌స్టాల్ చేయి కూడా వేయలేదన్నమాట. "మొత్తం పోయింది" అనుకునే ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో ఆ 100 జీబీ కనిపిస్తోందేమో చూడండి.

4. డిస్క్ మొత్తానికి కాపీ తీయండి

ముందు స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల పక్కన సున్నా కాకుండా పెద్ద అంకె ఉంటే డిస్క్ కూడా చెడిపోతోందని అర్థం, స్కానింగ్ ప్రయోగాలేవీ నేరుగా దాని మీద వద్దు.

కాపీకి డీడీరెస్క్యూ వాడండి. దానికి మూడు పేర్లివ్వాలి: మొదట పోయిన డిస్క్, తర్వాత కొత్త డిస్క్‌లో తయారయ్యే ఇమేజ్ ఫైలు (డిస్క్ మొత్తం కాపీ ఒకే ఫైలుగా), చివర మ్యాప్‌ఫైలు (ఎంతవరకు చదివిందో రాసుకునే చిట్టా). మొదటిసారి డీ, ఎన్ ఆప్షన్లతో నడిపితే తేలిగ్గా చదవగలిగినదంతా తీసేసుకుంటుంది. రెండోసారి అదే మ్యాప్‌ఫైలుతో, ఎన్ తీసేసి, ఆర్3 ఇచ్చి నడిపితే మొరాయించిన చోట్ల మళ్లీ ప్రయత్నిస్తుంది. మధ్యలో కరెంట్ పోయినా మ్యాప్‌ఫైలు ఉంటే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది, అందుకే దాన్ని ఇవ్వకుండా నడపొద్దు. ఎంటర్ కొట్టేముందు మొదటి పేరు, రెండో పేరు కాగితంతో సరిచూసుకోండి, వీలైతే ఇంట్లో ఇంకొకరిని పక్కన నిలబెట్టి చదివించండి. ఈ రెండూ తారుమారైతే ఇక రికవరీ లేదు.

4 టీబీ డిస్క్ సెకనుకి 150 ఎంబీ చొప్పున చదివితే ఏడున్నర గంటలు పడుతుంది. ఇమేజ్ పెట్టే డిస్క్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటనివ్వదు, ఈఎక్స్‌టీ4 ఉంచండి.

కాపీ పూర్తయ్యాక అసలు డిస్క్‌ని పీకి, మీద కాగితం అంటించి, తేదీ రాసి బీరువాలో పెట్టేయండి. ఇకపై పనంతా ఇమేజ్ మీదే.

డిస్క్ టిక్ టిక్ మంటూ శబ్దం చేస్తున్నా, బయోస్‌లోనే కనిపించకపోయినా ఈ మెట్టు కూడా మీరు చేయొద్దు. కరెంట్ తీసేసి ల్యాబ్‌కి ఇవ్వండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ షాపుల్లో అయినా, మీ ఊరి షాపులో అయినా ఇచ్చేముందు రెండు ప్రశ్నలు అడగండి: పని నా డిస్క్ మీద చేస్తారా, కాపీ మీదా? డిస్క్ తెరవాల్సి వస్తే క్లీన్ రూమ్ మీ దగ్గరే ఉందా, బయటికి పంపిస్తారా? మొదటిదానికి సూటిగా జవాబు రాకపోతే వెనక్కి తీసుకుని వచ్చేయండి.

5. టెస్ట్‌డిస్క్‌తో పాత పార్టిషన్ వెతకండి

టెస్ట్‌డిస్క్ ఉచితం, ఓపెన్ సోర్స్. దానికి ఇమేజ్ ఫైలు పేరే ఇవ్వండి. పార్టిషన్ టేబుల్ రకం చాలావరకు దానంతటదే సరిగ్గా చూపిస్తుంది, పెద్ద డిస్కులకి ఈఎఫ్ఐ జీపీటీ. తర్వాత అనలైజ్, క్విక్ సెర్చ్. అక్కడ దొరక్కపోతే డీపర్ సెర్చ్, దీనికి గంటలు పట్టొచ్చు.

పాత పార్టిషన్‌లాంటిది కనిపిస్తే దాని మీద నిలబడి పీ నొక్కండి, లోపలి ఫైళ్లు చూపిస్తుంది. మీ ఫోల్డర్ల పేర్లు కనిపిస్తే చాలా మంచి శకునం. "ఏ" అక్షరం నొక్కితే అన్నీ ఎంపికవుతాయి, పెద్ద అక్షరం సీ నొక్కితే వేరే డిస్క్‌కి కాపీ చేస్తుంది. చాలా వీడియోల్లో ఇక్కడ రైట్ (రాయమనే మెనూ) నొక్కి పార్టిషన్ టేబుల్ తిరిగి రాయమంటారు, అక్కర్లేదు. ఫైళ్లు బయటికి వస్తుంటే టేబుల్ బాగుచేసి సాధించేదేమీ లేదు.

ఫైల్ సిస్టమ్ తెరవలేకపోతున్నాను, పాడైనట్టుంది అని చెబితే తర్వాతి మెట్టు.

6. ఈఎక్స్‌టీ4 అయితే బ్యాకప్ సూపర్‌బ్లాక్

ఈఎక్స్‌టీ4 తన ముఖ్యమైన వివరాలను, అంటే సూపర్‌బ్లాక్‌ని, డిస్క్‌లో చాలాచోట్ల కాపీలు పెట్టుకుంటుంది. 4కే బ్లాకులుంటే మొదటి కాపీ 32768లో, తర్వాతిది 98304లో. ముందుగా రాయకుండా ప్రయత్నించండి: ఇమేజ్‌ని లోసెటప్‌తో, ఆర్, పీ (పీ మాత్రం పెద్ద అక్షరం) ఆప్షన్లు ఇచ్చి డిస్క్‌లా తగిలించి, మౌంట్‌కి ఆర్‌ఓ, నోలోడ్‌తోపాటు ఎస్‌బీ=131072 ఇవ్వండి. 32768 కాకుండా 131072 ఎందుకంటే మౌంట్ కమాండ్ 1కే లెక్కన అడుగుతుంది, అందుకని నాలుగుతో గుణించాలి. దీని దగ్గరే చాలామంది పొరబడి పనిచేయదని వదిలేస్తారు.

పాత పార్టిషన్ అసలు లిస్టులోనే లేకపోతే, అది ఎక్కడ మొదలైందో టెస్ట్‌డిస్క్ చూపించిన సెక్టార్ నంబర్ రాసుకుని, దాన్ని 512తో గుణించి లోసెటప్‌కి ఆఫ్‌సెట్‌గా ఇవ్వాలి.

అదీ కుదరకపోతే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్‌కి బీ 32768 ఇచ్చి నడపొచ్చు, అది ఇమేజ్‌ని మారుస్తుంది కాబట్టి ఈసారి ఆర్ లేకుండా తగిలించాలి. చెడితే అసలు డిస్క్ నుంచి ఇంకో కాపీ తీసుకోవచ్చు, బీరువాలో పెట్టింది అందుకే. అది నడిచాక ఫైళ్లు లాస్ట్+ఫౌండ్ ఫోల్డర్‌లో నంబర్ల పేర్లతో తేలతాయి. ఒక ఫోల్డర్ పేరు పోయినా దాని లోపలి ఫైళ్ల పేర్లు మామూలుగా అలాగే ఉంటాయి, కాబట్టి ప్రతి నంబర్ తెరిచి చూడండి.

బ్యాకప్ సూపర్‌బ్లాకుల చోటు తెలుసుకోవడానికి ఎంకేఈ2ఎఫ్‌ఎస్‌ని ఎన్ ఆప్షన్‌తో నడపమని చాలామంది చెబుతారు. ఆ ఎన్ మర్చిపోతే ఫార్మాట్ అయిపోతుంది. పై రెండు నంబర్లతో సరిపెట్టుకోండి.

పాత పార్టిషన్ ఉన్నచోటే, అదే సైజులో మళ్లీ ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసి ఉంటే ఈ పద్ధతి పనిచేయదు, కొత్త కాపీలు పాతవాటి మీదే కూర్చుంటాయి. అప్పుడు యూఎఫ్‌ఎస్ ఎక్స్‌ప్లోరర్, ఆర్-స్టూడియో లాంటి డబ్బు పెట్టి కొనేవి ప్రయత్నించడం నా దృష్టిలో న్యాయమైన ఖర్చే. మిగిలిన పాత పట్టికల ముక్కలు ఏరుకుని ఫోల్డర్లు తిరిగి కట్టడంలో ఉచిత సాధనాల కంటే ఇవి మెరుగు. ముందు ట్రయల్‌లో స్కాన్ చేయించండి, ఏం దొరికిందో చూపిస్తాయి, చిన్న ఫైళ్లు కాపీ కూడా చేయనిస్తాయి. మీ ఫైళ్లు కనిపించి తెరుచుకుంటేనే కొనండి.

7. చివరికి ఫోటోరెక్

ఇది టెస్ట్‌డిస్క్‌తోపాటే వస్తుంది. ఫైల్ సిస్టమ్‌ని పట్టించుకోకుండా డిస్క్ మొత్తం చదువుతూ, జేపెగ్ ఇలా మొదలవుతుంది, పీడీఎఫ్ ఇలా మొదలవుతుంది అని గుర్తుల్ని బట్టి ఏరుతుంది. పేర్లుండవు, ఫోల్డర్లుండవు. ఒక్కో ఫోల్డర్‌లో 500 ఫైళ్ల చొప్పున పోస్తూ పోతుంది. అందుకే చివర పెట్టాను, చాలామంది దీంతోనే మొదలుపెట్టి లక్ష ఫైళ్ల కుప్ప ముందు కూర్చుంటారు.

ఫైల్ ఆప్ట్ మెనూలోకి వెళ్లి ఎస్ నొక్కితే అన్నీ తీసేస్తుంది, అప్పుడు మీకు కావలసిన రకాలే టిక్ చేయండి. టెక్స్ట్ ఫైళ్లు టిక్ చేస్తే పాత ఓఎస్ చెత్తంతా వస్తుంది.

దొరికిన ఫొటోలను ఎగ్జిఫ్‌టూల్‌తో తీసిన తేదీ ప్రకారం సంవత్సరం, నెల ఫోల్డర్లలోకి సర్దించవచ్చు. ఫోన్‌తో, కెమెరాతో తీసినవాటికి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వాట్సాప్‌లో వచ్చినవాటికి తేదీ ఉండదు, అవి వేరే కుప్పగా మిగులుతాయి. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది: చిన్న సైజువన్నీ థంబ్‌నెయిళ్లే అనుకుని 200 కేబీ లోపువన్నీ డిలీట్ చేసేస్తారు. తాతయ్య ఫొటో మీ దగ్గర ఉన్నది వాట్సాప్ కాపీ ఒక్కటే అయితే దాని సైజూ అంతే ఉంటుంది. డిలీట్ చేయకుండా పక్క ఫోల్డర్‌లోకి మార్చి, తీరిగ్గా చూడండి.

పెద్ద వీడియోలు డిస్క్‌లో ముక్కలుగా పడి ఉంటే ఫోటోరెక్ వాటిని సరిగ్గా అతకలేదు. పెళ్లి వీడియో సగంలో ఆగిపోతే ఫొటోగ్రాఫర్‌ని అడగండి, కొంతమంది పాత ప్రాజెక్టులు దాచుకుంటారు.

8. వచ్చినవి నిజంగా బాగున్నాయో లేదో చూడండి

ఫైలు పేరూ సైజూ సరిగ్గా ఉంటే సరిపోదు, లోపలంతా సున్నాలుండొచ్చు. ఫైల్ అనే కమాండ్‌ని ఫోల్డర్ మొత్తం మీద నడపండి. జేపెగ్ అని ఉండాల్సిన చోట డేటా అని మాత్రమే చెబితే ఆ ఫైలు పోయినట్టే.

ఫొటోలు పెద్ద థంబ్‌నెయిళ్లతో వరసగా తిప్పి చూడండి, కింది సగం బూడిద రంగులో ఉన్నవి వెంటనే కంటపడతాయి. థంబ్‌నెయిల్ బాగుండి లోపల పాడైనవి కూడా ఉంటాయి, అందుకని అక్కడక్కడా పూర్తి సైజులో తెరవండి. వీడియోలకి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ని, తప్పులు మాత్రమే చూపించమని చెప్పి, అవుట్‌పుట్ నల్‌కి పంపితే మొదటి నుంచి చివరిదాకా డీకోడ్ చేసి ఎక్కడ చెడిందో చెబుతుంది. జిప్‌లకి అన్‌జిప్‌లో టీ ఆప్షన్. సర్టిఫికెట్లు, పొలం కాగితాలు, బ్యాంక్ పీడీఎఫ్‌లు ఒక్కొక్కటీ చేత్తో తెరిచి చివరి పేజీదాకా వెళ్లండి.

సంవత్సరాల వారీగా ఎన్ని ఫైళ్లున్నాయో లెక్క తీస్తే ఇంకో సంగతి తేలుతుంది. 2019లో వేలల్లో ఉండి, 2020లో పది మాత్రమే ఉంటే ఆ ఏడాది ఫోల్డర్ ఎక్కడో చిక్కుకుపోయింది, 5, 6 మెట్లకి మళ్లీ వెళ్లాలి.

9. సర్వర్‌లో తిరిగి పెట్టడం

కాపీకి ఆర్‌సింక్ వాడండి, ఏ, హెచ్, ఏ, ఎక్స్ ఆప్షన్లతో, రెండో ఏ పెద్ద అక్షరం, హెచ్, ఎక్స్ కూడా పెద్దవే. తర్వాత సీ ఆప్షన్ కలిపి ఇంకోసారి నడిపితే రెండువైపులా చెక్‌సమ్ పోల్చి తేడా ఉన్నవే కాపీ చేస్తుంది, ఏమీ కాపీ చేయకపోతే రెండూ ఒకటే.

ఎఫ్‌స్టాబ్‌లో డిస్క్ పేరు కాకుండా యూయూఐడీ రాయండి, ఆప్షన్లలో నోఫెయిల్ పెట్టండి, లేకపోతే డిస్క్ ఊడిన రోజు సర్వర్ బూట్ మధ్యలో ఆగి మానిటర్ లేని పెట్టెగా మిగులుతుంది. రీబూట్ చేసేముందే ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండ్‌ని వెరిఫై ఆప్షన్‌తో నడిపి తప్పులు చూడండి, ఆపైన మౌంట్‌కి "ఏ" ఆప్షన్ ఇవ్వండి. రెండూ బాగుంటేనే రీబూట్.

డాకర్‌లో డేటాని విడిగా ఫోల్డర్ చెప్పకుండా వాల్యూమ్‌లలో పెట్టుకున్నవాళ్లు పాత ఓఎస్ డిస్క్‌లో వార్, దాని లోపల లిబ్, డాకర్, వాల్యూమ్స్ ఫోల్డర్ వెతకాలి, అది సిస్టమ్ ఎస్‌ఎస్‌డీ మీద ఉంటుంది. అదే పోయుంటే ఇమిచ్‌లో కొంత ఆశ ఉంది, అప్‌లోడ్ ఫోల్డర్ లోపల బ్యాకప్స్ అనే ఫోల్డర్‌లో డేటాబేస్ కాపీలు దానంతటదే పెట్టుకుంటుంది, ఆల్బమ్‌లు, ముఖాల పేర్లు అందులోంచి తెచ్చుకోవచ్చు. నెక్స్ట్‌క్లౌడ్‌కి డేటాబేస్ లేకపోయినా, యూజర్లను అవే పేర్లతో తయారుచేసి, ఫైళ్లు పాత ఫోల్డర్లలో పెట్టి, దాని ఓసీసీ కమాండ్‌లో ఫైల్స్ స్కాన్ ఆల్ నడిపితే మళ్లీ చూపిస్తుంది. షేర్ లింకులు మాత్రం రావు.

ఇంకోసారి ఓఎస్ వేసేటప్పుడు డేటా డిస్కుల సాటా కేబుళ్లు పీకేసి ఇన్‌స్టాల్ చేయండి. ఇన్‌స్టాలర్‌కి కనిపించని డిస్క్‌ని అది ఫార్మాట్ చేయలేదు.

బీరువాలోని అసలు డిస్క్‌ని వెంటనే ఫార్మాట్ చేసి వాడేయొద్దు. ఏదో ఒకటి దొరకలేదని ఇంట్లోవాళ్లకి రెండు మూడు నెలల తర్వాత గుర్తొస్తుంది. ఆర్‌సింక్ బ్యాకప్ జాబ్ తిరిగి మొదలుపెట్టేముందు డ్రై-రన్ ఆప్షన్‌తో ఒకసారి నడిపి, ఏవేవి డిలీట్ చేస్తానంటోందో చదవండి. ఫోన్ల సింక్ అన్నిటికంటే చివర ఆన్ చేయండి, ముందు ఒక్క ఫోన్‌తో, అందులో ఫొటోల సంఖ్య తగ్గలేదని చూసుకున్నాకే మిగతావి కలపండి.